మదీనా మర్యాదలు మా అమ్మలకు తెలుగులో చెప్పండి

హైదరాబాద్ నుంచి ఉమ్రాకి (ఏడాదిలో ఎప్పుడైనా చేసే మక్కా యాత్రకి), హజ్‌కి గ్రూపులు తీసుకెళ్లే భాయ్‌లకు, బయల్దేరే ముందు క్లాసులు చెప్పే మౌలానాలకు, ఆపాలకు (మతం నేర్పే ఆడవాళ్లకు),

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

నేను టోలిచౌకిలో ఉంటాను. పుట్టి పెరిగింది సూర్యాపేట దగ్గర ఒక పల్లెలో. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ వస్తుంది గానీ అది చుట్టాలొచ్చినప్పుడు మాట్లాడే ఉర్దూ, సగానికి సగం తెలుగు కలిసిపోయిన ఉర్దూ. మా అమ్మీకి అరవై మూడేళ్లు. పోయిన చలికాలంలో మా తమ్ముడితో కలిసి ఇక్కడి ఒక గ్రూపులో ఉమ్రాకి వెళ్లొచ్చింది. అప్పుడు మదీనాలో జరిగిన ఒక సంగతి నా మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ గ్రూపు పేరు రాయను. ఎవర్నీ రచ్చకీడ్చాలని నాకు లేదు, పైగా ఇలాంటివి వేరే గ్రూపుల్లో వెళ్లొచ్చిన వాళ్ల దగ్గర కూడా చాలా విన్నాను.

అమ్మీ బయల్దేరుతోందని తెలియగానే మా వీధి వీధంతా ఇంటికొచ్చింది. మదీనాలో మా పేరు మీద సలాం చెప్పు అని కొందరు, నా బిడ్డ పెళ్లి గురించి దువా చెయ్యి అని కొందరు. పేర్లు మర్చిపోతానేమో అని అమ్మీ అందర్నీ చీటీల మీద రాసిమ్మంది. పిల్లల నోటు పుస్తకాల్లోంచి చింపిన కాగితాలు, పదకొండు చీటీలు, అన్నీ తెలుగులోనే. అందులో ఒకటి ఎదురింటి అత్తది. వాళ్లు ముస్లింలు కారు, కానీ వాళ్ల అబ్బాయికి కిడ్నీ జబ్బు, నాలుగు మూలలా పసుపు పెట్టి మరీ ఇచ్చింది ఆమె చీటీ. అమ్మీ వాటన్నిటినీ తెల్ల రుమాల్లో కట్టి, బుర్ఖా లోపలి జేబులో పెట్టుకుని మదీనా దాకా మోసుకెళ్లింది.

మస్జిదె నబవీలో, అంటే మదీనాలోని ప్రవక్త మసీదులో, ఆయన సమాధి పక్కనున్న రియాజుల్ జన్నా అనే చోట ఆడవాళ్ల టైమ్ వచ్చినప్పుడు లోపలికి పంపారు. రెండు రకాతుల నమాజు చదివాక అమ్మీ ఆ మూట తీసి, సమాధి వైపు అడ్డంగా పెట్టిన పలకల సందులోంచి అవతలికి తోయబోయింది. మా ఊరి దర్గాలో జాలీకి చీటీలు కడతారు, అదే అలవాటు, అంతకు మించి ఆమెకు వేరే ఆలోచన లేదు. అక్కడ కాపలా ఉన్న అరబ్బు అమ్మాయి 'హజ్జా, హజ్జా' అంటూ మెల్లగా చెయ్యి పట్టుకుని ఆపిందట. అంతటితో అయిపోయేది. కానీ గ్రూపుతో వెళ్లిన మన హైదరాబాద్ వలంటీరే వచ్చి, అందరి ముందూ, అదీ గొంతెత్తి, 'ఎంత చెప్పినా బుర్రకెక్కదా, జాహిల్, షిర్క్ చేయడానికి ఇంత దూరం వచ్చావా' అంది. జాహిల్ అంటే మూఢురాలు, షిర్క్ అంటే అల్లాహ్‌కి సాటి కల్పించడం. ఆ రోజు అమ్మీ జొహర్‌కి, అసర్‌కి (మధ్యాహ్నం, సాయంత్రం నమాజులకి) మసీదుకి వెళ్లలేదు. మోకాలు నొప్పి అని తమ్ముడికి చెప్పి హోటల్ గదిలోనే కూర్చుంది. ఏళ్ల తరబడి గేదె పాలు అమ్మి కూడబెట్టుకున్న డబ్బుతో వెళ్లిన మనిషి, గుమ్మం దాటితే మస్జిదె నబవీ కనిపించే చోట, తలుపేసుకుని కూర్చుంది.

ఇప్పుడు మీ క్లాసు సంగతి. అమ్మీ ఆ క్లాసుకి వెళ్లింది, నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. మెహదీపట్నం వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు, రెండున్నర గంటలు, మైకు, ప్రొజెక్టరు, మంచి ఏర్పాటే, బిర్యానీ కూడా పెట్టారు. చెప్పిన మౌలానా గారు పండితులు, అందులో సందేహం లేదు. కానీ 'బార్‌గాహె రిసాలత్ మే నిహాయత్ అదబ్ ఔర్ ఎహ్‌తెరామ్ కే సాథ్ హాజిర్ హోనా' అంటే (ప్రవక్త సన్నిధికి ఎంతో మర్యాదగా, గౌరవంగా వెళ్లాలని) మా అమ్మీకి అందులో అందింది 'అదబ్' అనే ఒక్క ముక్క. బయటికొచ్చాక ఏం చెప్పారమ్మీ అని అడిగితే, 'మంచిగా చెప్పారు బేటా, దువా చేసేటప్పుడు ఏడుపొచ్చింది' అంది. మా పక్కన కూర్చున్న నల్గొండ వాళ్లు, ఖమ్మం వాళ్లు, మహబూబ్‌నగర్ వాళ్లు, వాళ్లందరిదీ అదే పరిస్థితి. అర్థం కాలేదని లేచి అడగడానికి సిగ్గు. ఉర్దూ రాకపోతే వీళ్లేం ముస్లింలు అనుకుంటారేమో అని లోపల భయం, ఆ భయం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

అల్లాహ్ ఖురాన్‌లో, సూరె (అధ్యాయం) ఇబ్రాహీం నాలుగో ఆయత్‌లో, ఏ ప్రవక్తను పంపినా ఆ జాతి వాళ్ల భాషలోనే పంపాను, వాళ్లకి విడమరచి చెప్పడానికి, అన్నాడు. ప్రవక్తలకే అలా చేసినప్పుడు ఒక ఉమ్రా క్లాసు మన భాషలో ఉండాలని అడగడం పెద్ద కోరిక ఏం కాదు. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చి దాదాపు వందేళ్లవుతోంది. ఛత్తా బజార్‌కి వెళ్తే నమాజు పుస్తకాలు, దువా పుస్తకాలు తెలుగులో దొరుకుతున్నాయి. మన క్లాసులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

మీకు తెలియని సంగతి కాదు, అయినా గుర్తు చేస్తాను, ఎందుకంటే ఇది ఆ మసీదులోనే జరిగింది. ఒక పల్లెటూరి అరబ్బు మసీదులోకొచ్చి ఒక మూల మూత్రం పోయడం మొదలుపెట్టాడు. సహాబాలు (ప్రవక్త అనుచరులు) అతని మీదికి లేచారు. దైవప్రవక్త (స, అంటే ఆయనపై అల్లాహ్ శుభాలు, శాంతి) వాళ్లని ఆపారు. అతన్ని పూర్తి కానివ్వమన్నారు, తర్వాత ఒక బకెట్టు నీళ్లు తెప్పించి ఆ చోట పోయించారు, మిమ్మల్ని పంపింది పనులు తేలిక చేయడానికి, కష్టం చేయడానికి కాదు అని తమ వాళ్లకి చెప్పారు. ఆ మనిషిని దగ్గరికి పిలిచి, ఈ మసీదులు ఇలాంటి వాటికి తగవు, ఇవి అల్లాహ్‌ని తలుచుకోడానికి, నమాజుకి, ఖురాన్ చదవడానికి అని నెమ్మదిగా చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు పుస్తకాల్లో ఉన్న హదీసు (ప్రవక్త మాటలు, పనుల కథనం) ఇది. మా అమ్మీ చేసింది పదకొండు చీటీలు తోయబోవడం. ఆ పల్లెటూరి మనిషికి దొరికిన మర్యాదలో పదో వంతు ఆమెకి దొరికినా ఆ రెండు నమాజులు పోయేవి కావు.

చీటీలు పెట్టడం సరైనదని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. నేను చెప్పేది ఏంటంటే, అది ఎందుకు కూడదో ఆమెకి ముందే చెప్పి ఉంటే ఆమె ఆ మూట తీసేదే కాదు. ఆ సాయంత్రం వాట్సాప్ కాల్‌లో నేనే చెప్పాను. 'అమ్మీ, ప్రవక్త (స) గారు స్వయంగా దువా చేశారు, యా అల్లాహ్, నా సమాధిని జనం పూజించే విగ్రహంగా చేయకు అని. నా సమాధిని జాతర చేసుకోకండి, నా మీద దరూద్ (దీవెన కోరే మాటలు) పంపండి, మీరెక్కడున్నా అది నాకు చేరుతుంది అని కూడా అన్నారు. మరి ఆయన వద్దన్న పని ఆయన ముందే చేస్తామా?' అన్నాను. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఈ మాట నాకెవరూ చెప్పలేదు కదే' అంది. అంతే. రెండు నిమిషాలు పట్టింది, అదీ తెలుగులో.

చీటీల్లోని పేర్లన్నీ నోటితో చెప్పమన్నాను. ఫలానా వాళ్లు మీకు సలాం చెప్పమన్నారు యా రసూలల్లాహ్ అని ఒకరి తరఫున సలాం చేర్చడం మన హనఫీ (మనం పాటించే ధర్మశాస్త్ర పద్ధతి) పుస్తకాల్లో ఉన్నదే. కోరికలు మాత్రం అల్లాహ్‌నే అడగాలి, చేతులెత్తేది అల్లాహ్ ముందే. సలాం ప్రవక్తకి, దువా అల్లాహ్‌కి. ఈ ఒక్క తేడా సరిగ్గా తెలిస్తే జాలీ ముట్టుకోవడం, గోడల్ని ముద్దు పెట్టుకోవడం, వంగి నిలబడడం, వీటి దగ్గర జరిగే గొడవల్లో సగం ఉండవు. మనది దర్గాలున్న నేల, నాంపల్లి యూసుఫైన్ దర్గాకి గురువారం వెళ్లే వాళ్లు, పల్లెల్లో పీర్ల పండగ చూస్తూ పెరిగిన వాళ్లు మీ గ్రూపుల్లో వస్తారు. వాళ్లు ఏ అలవాట్లతో వస్తున్నారో చూసి దానికి తగ్గట్టు చెప్పాలి. అరబ్బుల కోసం రాసిన పాఠం మనవాళ్లకి అప్పజెప్పినంత మాత్రాన సరిపోదు.

ఇక అక్కడ గొంతు సంగతి. సూరె హుజురాత్ రెండో ఆయత్‌లో, ప్రవక్త గొంతు కన్నా మీ గొంతు పైకి లేవనీయకండి, మీకు తెలియకుండానే మీ కర్మలన్నీ వృథా అయిపోతాయి అని ఉంది. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి, అంటే అల్లాహ్ ఆయన పట్ల సంతోషించుగాక) కాలంలో ఇద్దరు మనుషులు ఆ మసీదులో గట్టిగా మాట్లాడుతుంటే ఆయన కేకేసి పిలవలేదు, సాయిబ్ అనే ఆయన మీదికి చిన్న రాయి విసిరి, ఇటు తిరిగాక, వాళ్లని తీసుకురా అన్నారు. మీదే ఊరు అని అడిగితే తాయిఫ్ అన్నారు. ఈ ఊరి వాళ్లయి ఉంటే మిమ్మల్ని శిక్షించేవాణ్ని, అల్లాహ్ ప్రవక్త మసీదులో గొంతులు లేపుతారా, అన్నారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు రెండు సంగతులు తడతాయి. ఒకటి, ఉమర్ (రజి) లాంటి మనిషి కూడా అక్కడ కేకేయడానికి జంకి గులకరాయి విసిరారు. రెండోది, బయటి ఊరి వాళ్లు, తెలియక చేశారు అని వదిలేశారు. మా అమ్మీది తాయిఫ్ కన్నా చాలా దూరం ఊరు.

ఈ రోజుల్లో గొంతు కన్నా ఫోను పెద్ద సమస్య. నేను ఆరేళ్ల కిందట వెళ్లినప్పుడే చూశాను. సలాం చెప్పే చోట, నడుస్తూ నడుస్తూ వీడియో కాల్, 'చూడు చూడు, కనిపిస్తోందా, నెట్ స్లోగా ఉంది' అని అరుపులు. ఇంటి దగ్గరున్న వాళ్లకి చూపించాలన్న ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆ నాలుగడుగులు వేసే టైమ్ మళ్లీ రాదు, అదంతా ఫోను స్క్రీన్ చూస్తూ గడిచిపోతుంది. ఫోన్లు ఎందుకు లోపల పెట్టుకోవాలో బస్సులోనే చెప్పండి, హోటల్ నుంచి బయల్దేరక ముందే. లోపలికెళ్లాక చెప్తే ఎవరూ వినరు.

రియాజుల్ జన్నా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తొక్కులాట అక్కడే. నా ఇంటికీ నా మింబర్‌కీ (ప్రసంగ వేదికకీ) మధ్య ఉన్నది స్వర్గపు తోటల్లో ఒక తోట అని ప్రవక్త (స) అన్నారు. ఆ మాట అందరికీ చెప్తారు, ఆ తోటలో ఎలా నడవాలో చెప్పరు. గేటు తెరవగానే బుర్ఖాలు ఎత్తి పట్టుకుని ఉరుకుతారు, డెబ్బై ఏళ్ల ముసలమ్మలు కింద పడతారు, నేను వెళ్లినప్పుడు నా ముందే ఒకామె చెయ్యి బెణికింది. ఇఖామత్ (నమాజు మొదలవుతోందన్న పిలుపు) వినిపించినా పరుగెత్తకండి, నెమ్మదిగా, హుందాగా రండి, అందిన నమాజు చదవండి, మిగిలింది తర్వాత పూర్తి చేసుకోండి అన్న హదీసు ఉంది. ఫర్జ్ (తప్పనిసరి) నమాజుకే పరుగు వద్దన్నప్పుడు నఫిల్ (అదనపు నమాజు) కోసం ఇంకొకళ్ల కాళ్లు తొక్కుకుంటూ పోవచ్చా? జుమా (శుక్రవారం) రోజు జనం మెడల మీదుగా దాటుకుంటూ వస్తున్న ఒకతన్ని చూసి, కూర్చో, నువ్వు జనాన్ని ఇబ్బంది పెట్టావు అని ప్రవక్త (స) అదే మసీదులో అన్నారు. ఇప్పుడు రియాజుల్ జన్నాకి నుసుక్ యాప్‌లో పర్మిట్ తీసుకోవాలి, టైమ్ ప్రకారం పంపుతారు, మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు. లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో ఏం చదవాలో ముందే అనుకుని వెళ్తే చాలు. స్లాట్ దొరకని వాళ్లు ఏడుస్తారు, ఉమ్రా వృథా అయిందనుకుంటారు. దొరక్కపోతే మీ ఉమ్రాకి ఏ లోటూ లేదు, మదీనా వెళ్లడం అసలు ఉమ్రాలో భాగమే కాదు, ఆ మసీదులో ఎక్కడ చదివినా, మక్కాలోని మస్జిదె హరామ్ తప్ప మిగతా చోట్ల చదివిన వెయ్యి నమాజుల కన్నా మేలని హదీసులో ఉంది అని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నలభై నమాజుల టెన్షన్ కూడా ఇలాంటిదే. మదీనాలో వరుసగా నలభై నమాజులు అందరితో కలిసి, అంటే జమాత్‌తో చదవాలి, ఒక్కటి పోయినా అంతా పోయినట్టే అని మనవాళ్లలో నాటుకుపోయింది. ఆ రివాయత్ (హదీసు కథనం) బలహీనమని చాలామంది హదీసు పండితులు చెప్పారు. శక్తి ఉన్నవాళ్లు చదవడం మంచిదే, ఎవరు కాదంటారు. కానీ షుగర్ ఉన్నవాళ్లు తిండి మానేసి, నిద్ర మానేసి, జ్వరంతో ఈడ్చుకుంటూ వెళ్లడం ఎవరు చెప్పారని? ఇది మీరు స్టేజీ మీద నిలబడి గట్టిగా చెప్పాల్సిన మాట.

ఇప్పుడు మీలో చాలామందికి తట్టని సంగతి ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా అమ్మీకి అరవై మూడేళ్లు వచ్చే దాకా మసీదులో నమాజు చదివిన అనుభవం లేదు. మా ఊరి మసీదులో ఆడవాళ్లకి చోటు లేదు, ఇక్కడ హైదరాబాద్‌లో కూడా చాలా వాటిలో లేదు. అంటే ఆమె జీవితంలో జమాత్‌తో నమాజు చదివిన మొదటి మసీదు మస్జిదె నబవీ! సఫ్ (వరస) ఎలా కట్టాలో, ఇమాం వెనక నోటితో ఏం చదవాలో ఏం చదవకూడదో, ఆలస్యంగా కలిస్తే పోయిన రకాత్ ఎలా పూర్తి చేయాలో ఆమెకి తెలియదు. మీరు మగవాళ్లు, ఏడేళ్ల వయసు నుంచి నాన్న చెయ్యి పట్టుకుని మసీదుకెళ్లారు, ఇవన్నీ మీకు ఊపిరి తీసుకున్నంత సహజం, అందుకే ఇవి ఎవరికైనా నేర్పాలని మీకు అనిపించదు.

ప్రతి ఫర్జ్ తర్వాత దాదాపుగా అక్కడ జనాజా నమాజు (చనిపోయిన వాళ్ల కోసం చదివేది) ఉంటుంది. 'అస్సలాతు అలల్ అమ్వాత్' అని మైకులో వినిపిస్తుంది. మన ఆడవాళ్లు బతుకులో ఎప్పుడూ జనాజా నమాజు చదివి ఉండరు. అందరూ లేచారు కదా అని లేస్తారు, అల్లాహు అక్బర్ అనగానే రుకూకి వంగుతారు, పక్కన ఎవరూ వంగలేదని చూసి కంగారుపడి నిలబడతారు. మా అమ్మీ మూడు రోజులు అలాగే వంగిందట. నాలుగు తక్బీర్లు (అల్లాహు అక్బర్ అనడం), రుకూ (వంగడం) లేదు, సజ్దా (నుదురు నేలకి ఆనించడం) లేదు, మొదటి తక్బీర్ తర్వాత సనా (అల్లాహ్ స్తుతి), రెండో దాని తర్వాత దరూద్, మూడో దాని తర్వాత చనిపోయిన వాళ్లకి దువా, నాలుగో దాని తర్వాత సలాం. ఇంతే కదా చెప్పాల్సింది? అలాగే జుమా రోజు తెల్లవారుజాము నమాజు ఫజర్‌లో ఇమాం సూరె సజ్దా చదువుతూ మధ్యలో నేరుగా సజ్దాలోకి వెళ్తారు. తెలియని వాళ్లు రుకూ అనుకుని వంగుతారు, తర్వాత నమాజు పాడైందని రోజంతా బాధపడతారు. అసర్ అక్కడ మన హనఫీ టైమ్ కన్నా ముందే అయిపోతుంది. ఆమీన్ గట్టిగా అంటారు, చేతులు మాటిమాటికీ ఎత్తుతారు, వాళ్లది వాళ్ల పద్ధతి, మనది మనది, పక్కనున్న వాళ్లతో వాదన పెట్టుకోవద్దని ఒక్క మాట చెప్తే చాలు.

అందుకే నాదొక సలహా. వెళ్లే ముందు ఆ ఆడవాళ్లందర్నీ ఒకసారి నిలబెట్టి జమాత్ కట్టించండి, ఆ ఫంక్షన్ హాల్లోనే, తివాచీల మీదే. జనాజా నమాజు కూడా చేసి చూపించండి. నగరంలో ఆడవాళ్లకి చోటున్న మసీదులు కొన్ని ఉన్నాయి, వీలైతే ఒక జుమాకి తీసుకెళ్లండి. కుడికాలు లోపల పెడుతూ 'అల్లాహుమ్మఫ్‌తహ్ లీ అబ్వాబ రహ్మతిక్', అంటే యా అల్లాహ్ నీ కారుణ్య ద్వారాలు నా కోసం తెరువు అని, ఎడమకాలు బయట పెడుతూ 'అల్లాహుమ్మ ఇన్నీ అస్ అలుక మిన్ ఫజ్లిక్', నీ అనుగ్రహం అడుగుతున్నాను అని. అర్థం చెప్పి నేర్పిస్తే మా అమ్మీకి ఒక్క పూటలో వచ్చింది. లోపలికెళ్లి కూర్చునే ముందు రెండు రకాతులు, ఇది కూడా ఆమెకి నేను చెప్పేదాకా తెలియదు.

ఆడవాళ్ల సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. నెలసరి వస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్న మీ క్లాసులో ఏ అమ్మాయీ మైకు పట్టుకుని అడగదు. తర్వాత మదీనాలో గదిలో కూర్చుని ఏడుస్తుంది, లేదంటే ఎవరికీ చెప్పకుండా లోపలికెళ్లి జీవితాంతం కుములుతుంది. ఆ రోజుల్లో మసీదు లోపలికి వెళ్లకుండా గదిలోనే దరూద్ చదువుకోవచ్చని, ఎక్కడి నుంచి పంపినా సలాం చేరుతుందని, ఇందులో ఆమె తప్పు ఏమీ లేదని, మాత్రలు వేసుకోవాలనుకుంటే ముందే డాక్టర్ని అడగాలని, ఇవన్నీ ఒక ఆడమనిషి ఆడవాళ్లకి తలుపులేసుకుని తెలుగులో చెప్పాలి. వేరే దారి లేదు.

వాసనల మాట. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చిగా తిన్నవాళ్లు మా మసీదు దగ్గరికి రావద్దని హదీసులో ఉంది. హోటల్లో హైదరాబాదీ భోజనం పెడుతున్నాం అని మీ పోస్టర్లలో పెద్ద అక్షరాల్లో రాస్తారు కదా, దాంతో పాటు పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు వేయకండి, వేసినా తిన్నాక నోరు కడుక్కోమని చెప్పండి. మగవాళ్లకి బీడీ, సిగరెట్, గుట్కా సంగతి మీరే గట్టిగా చెప్పాలి. చెప్పులకి ఒక సంచి ఇవ్వండి, గేటు నంబరు గుర్తుపెట్టుకోమనండి, హోటల్ కార్డు మెడలో వేయండి. ఇవి మీరు ఎలాగూ చేస్తున్నారు.

జమ్‌జమ్ (మక్కా బావి నీళ్ల) డ్రమ్ముల దగ్గర నీళ్లు ఒలకబోసి, గ్లాసులు అక్కడే పడేసి పోవడం మాత్రం మనవాళ్లు మానాలి. అక్కడ తుడిచేవాళ్లు చాలామంది మన వైపు దేశాల నుంచి, మన లాంటి పేద ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ నల్లజాతి స్త్రీ గుర్తొస్తుంది, ఆ మసీదునే ఊడ్చేది, రాత్రిపూట చనిపోతే చిన్న విషయమే కదా అని జనం ప్రవక్తకి (స) చెప్పకుండానే పూడ్చేశారు. ఆయన ఆమె ఏదని అడిగి, నాకెందుకు చెప్పలేదు అని, సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికెళ్లి నమాజు చదివారు. ఈ కథ మీ క్లాసులో చెప్పి చూడండి, ఒక్క గ్లాసు కింద పడదు.

నిజానికి నేను అడిగేది ఇలాంటి కథల గురించే. చేయకూడనివి మాత్రమే చదివి వినిపిస్తే మా అమ్మలు భయంతో బిగుసుకుపోతారు. ఆ మసీదు 622లో కట్టినప్పుడు ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, ఖర్జూరపు మట్టలే కప్పు అని, వాన పడితే కారేదని, నేల తడిసి సజ్దా చేస్తే ప్రవక్త (స) నుదుటికి బురద అంటుకునేదని, ఆయన స్వయంగా ఇటుకలు మోశారని, మింబర్ చేయించాక ఆయన ఆనుకునే ఖర్జూరపు మొద్దు చిన్నపిల్లాడిలా ఏడిస్తే దిగొచ్చి చెయ్యి వేశారని చెప్పండి. మా అమ్మీకి ఆ మొద్దు కథ ఫోన్లో చెప్తే వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత నేను ఫోన్ లోపల పెట్టుకో అని కూడా చెప్పాల్సిన పని లేకపోయింది.

కాబట్టి మీ ముందు మూడు నాలుగు కోరికలు పెడుతున్నాను. ప్రతి గ్రూపుకి ఉర్దూ క్లాసుతో పాటు ఒక తెలుగు క్లాసు పెట్టండి. ఆడవాళ్లకి విడిగా పెట్టండి. సలాం మాటలు, దువాలు, జనాజా నమాజు తెలుగు అక్షరాల్లో, అర్థంతో, పెద్ద సైజులో అచ్చేసిన ఒక కాగితం ప్రతి మనిషికీ ఇవ్వండి, కళ్లజోడు లేకపోయినా చదివేలా. గ్రూపుతో తెలుగు మాట్లాడే ఒక ఆపాని పంపండి. ఇంకా, వలంటీర్లకి కూడా ఒక క్లాసు ఉండాలి, పెద్దవాళ్లు తప్పు చేస్తే ఎలా చెప్పాలో. పక్కకి తీసుకెళ్లి, చెవి దగ్గర, 'అమ్మా, ఇలా కాదమ్మా' అని. అక్కడ గొంతెత్తకూడదన్న ఆయత్ వలంటీర్లకీ వర్తిస్తుంది. 2017 నుంచి ఉర్దూ మన రాష్ట్రానికి రెండో అధికార భాష, దానికి నేను సంతోషించిన మనిషినే, ఉర్దూ క్లాసు తీసేయమని అడగడం లేదు.

మా ఫ్లాట్‌లో ఆదివారం అసర్ తర్వాత పదీ పదిహేను మంది ఆడవాళ్లు వస్తున్నారు, నాకు తెలిసినంత వాళ్లకి చెప్తున్నాను. నేను ఆలిమాను (మత పండితురాలిని) కాను, సందేహం వస్తే మా పేట మౌలానా గారిని అడిగి చెప్తాను. జనాజా నమాజు నేర్చుకునేటప్పుడు వాళ్ల మొహాలు మీరు చూడాలి. ఒకామె, వాళ్లాయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆరోజు మగవాళ్లందరూ నిలబడి చదివింది ఇదేనా అని అడిగింది.

అమ్మీ సంగతి చెప్పకుండా ఆపితే బాగోదు. ఆ రాత్రి నాతో మాట్లాడాక ఇషాకి (రాత్రి నమాజుకి) వెళ్లింది. తెల్లారి ఫజర్ తర్వాత ప్రవక్త సమాధి మీదున్న ఆకుపచ్చ గుంబజ్ కనిపించే చోట ఆవరణలో నిలబడి, 'అస్సలాము అలైక యా రసూలల్లాహ్' అని, ఆ తర్వాత ఆయన పక్కనే సమాధులున్న అబూ బకర్ (రజి) గారికి, ఉమర్ (రజి) గారికి సలాం చెప్పి, చీటీలు ఒక్కొక్కటే విప్పి, పేర్లు చదివి ఆ సలాములన్నీ చేర్చింది. తర్వాత ఖిబ్లా (మక్కా) వైపు తిరిగి ఒక్కొక్కరి కోసం అల్లాహ్‌ని అడిగింది. ఎదురింటి అత్త కొడుకు ఆరోగ్యం కోసం అందరికన్నా ఎక్కువ సేపు అడిగిందట. చీటీలు అక్కడ ఎక్కడా వదల్లేదు. అదే రుమాల్లో కట్టి వెనక్కి తెచ్చి, ఊళ్లో ఎవరివి వాళ్లకిచ్చింది, ఖర్జూరాలతో పాటు.

రాబోయే రంజాన్ గ్రూపులకి మీరు క్లాసులు ఏ తారీఖున పెడుతున్నారో చెప్పండి. తెలుగు భాగం నేను చెప్తాను, జీతం అక్కర్లేదు, మా అమ్మీ కూడా వస్తానంటోంది.

మీ చెల్లెలు,
టోలిచౌకి, హైదరాబాద్